సంతకానికి ముందు పదకొండు మంది

డెన్నిస్ లవెల్‌ని చంపినవాళ్లు పనితనం ఉన్నవాళ్లు. సోమవారం పొద్దున అతను తన ఇంటి గరాజ్‌లో, తలుపులన్నీ మూసి, కారు ఇంజన్ నడుస్తూ ఉండగా స్టీరింగ్ మీద తల వాల్చి కనిపించాడు. పక్క సీట్లో భార్యకి రాసిన ఉత్తరం. చేతిరాత అచ్చం అతనిదే. పోలీసులు ఆత్మహత్య అన్నారు. పక్కింటివాళ్లు పాపం అన్నారు. భార్య మాత్రం ఉత్తరం రెండుసార్లు చదివి, "ఇరవై రెండేళ్ల కాపురంలో మా ఆయన నన్ను ఒక్కసారి కూడా ‘ప్రియమైన’ అనలేదు" అంది. ఏడుస్తున్న ఆడదాని మాట కదా, పోలీసులు రాసుకోలేదు.

రాసుకున్న మనిషి ఒక్కతే. పేరు లొరెయిన్ పెక్. బాస్టన్‌లో పళ్ల డాక్టర్లకి కుర్చీలు అమ్మే కంపెనీ బోర్డు వెనక, దేశంలోకి చొరబడ్డ పరాయి గూఢచారుల్ని పట్టుకునే శాఖకి ఆవిడ అధిపతి. అరవై ఏళ్లు. మనుషుల్ని ఆవిడ చదరంగం బల్ల మీది బంట్లలాగా చూస్తుందని అనేవారు. అది అబద్ధం. బంటు పోతే ఆటగాడికి కాస్త బాధుంటుంది.

మధ్యాహ్నం ఆవిడ ఎదురుగా ఏజెంట్ వెండెల్ గాగ్నన్ కూర్చున్నాడు. యాభై ఒక్కేళ్ల మనిషి. న్యూ హాంప్‌షైర్‌లో కాగితపు మిల్లు ఉన్న ఊళ్లో పుట్టాడు. ఎక్కడ నిలబెట్టినా రెండోసారి ఎవరూ చూడని ముఖం. ఈ ఉద్యోగంలో దాన్నే అందం అంటారు.

"లవెల్ ఏం మోసుకొస్తున్నాడు?" అని అడిగాడు వెండెల్.

"ఫిల్మ్. ముప్పై ఆరు ఫొటోలు. సెనేటర్ మెరిల్ స్ట్రిక్లండ్ ముప్పై ఏళ్లుగా ఎవరి ఉప్పు తింటున్నాడో చెప్పే కాగితాలు."

"ఇప్పుడా ఫిల్మ్?"

"లవెల్‌తోనే పోయింది."

వెండెల్ ఈల వేయబోయి మానుకున్నాడు. ఆ వారం దేశమంతా ఒకటే గోల. ప్రెసిడెంటు పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే పోటీలో అప్పటికే ఏడుగురున్నారు. ఏడుగురూ ఏడుపు మొహాలే. స్ట్రిక్లండ్ వస్తాడా, రాడా? టీవీ పెడితే అదే, మంగలి షాపులో అదే, చర్చి బయట మెట్ల మీద అదే. అతను మాత్రం రెండు నెలలుగా నవ్వుతూ, "మా ఆవిడతో మాట్లాడుతున్నానండీ" అంటున్నాడు. ఆలస్యంగా వచ్చే చుట్టానికి మర్యాద ఎక్కువ. రాకముందే అతను సర్వేల్లో అందరికంటే పైనున్నాడు.

"శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకి న్యూ హాంప్‌షైర్‌లో పేర్లు ఇచ్చే గడువు ముగుస్తుంది" అంది పెక్. "మొదటి ఓటు పడేది ఆ రాష్ట్రంలోనే. అక్కడ పేరు లేకపోతే మిగతా దేశంలో వాడు లేనట్టే. పేరుందంటే వచ్చే ఏడాది ఎన్నికల్లో గెలిచి ఆ పరాయి దేశపు మనిషి మన ప్రెసిడెంటు కుర్చీలో కూర్చుంటాడు."

"అరెస్టు చేద్దాం."

"దేంతో? సాక్ష్యం లేదు. పేరు ఇచ్చాక వాడు అభ్యర్థి. రహస్య శాఖ అభ్యర్థి మీద చెయ్యేసిందంటే దేశం రెండు ముక్కలవుతుంది. అందుకే అయిదు లోపల. సులువైన దారొకటుంది. మనకి తెలిసింది పేపరుకి అందిద్దాం."

"అందిస్తే ఆ గంటలోనే కొరీన్‌ని చంపేస్తారు మేడమ్."

కొరీన్ ఆషర్ స్ట్రిక్లండ్‌కి పత్రికల వ్యవహారం చూసే మనిషి. ఎర్ర కోటు, పొగ పీల్చే అలవాటు, గదిలోకి వస్తే మగవాళ్ల మాటలు సగంలో ఆగిపోయే అందం. ఆ పరాయి ముఠా పదమూడేళ్ల క్రితం ఆమెని అతని పక్కన నాటింది. రెండేళ్లుగా ఆమె వెండెల్‌కి పని చేస్తోంది. శాఖకి చేరవేయమని లవెల్‌కి ఫిల్మ్ ఇచ్చింది కూడా ఆమే.

"చంపుతారు" అంది పెక్, వాన పడుతుంది అన్నంత తేలిగ్గా. "నీ దగ్గర ఇంకో దారుందా?"

"ఉంది. వాణ్ణి ఎవరూ ఆపరు. వాడంతట వాడే ఆలస్యమవుతాడు. మా రాష్ట్రంలో ముప్పై అయిదేళ్లు నిండి ఈ దేశంలో పుట్టిన ఎవడైనా వెయ్యి డాలర్ల చెక్కు పట్టుకొచ్చి ప్రెసిడెంటుగా నిలబడొచ్చు. పిచ్చోళ్లు కూడా. ఆఖరి రోజు మాత్రం మనిషి స్వయంగా రావాలి, వరసలో నిలబడాలి, ఆ బల్ల దగ్గరే సంతకం పెట్టాలి. ఎవరైనా సరే, ఒక మాట మాట్లాడతానంటే మాట్లాడనిస్తారు. వాడికి ముందు పదకొండు మంది ఉంటే?"

పెక్ మొదటిసారి అతని వంక ఇష్టంగా చూసింది. "అప్పుడు తప్పు ఎవరిదీ కాదు. ఆమె మీద అనుమానం రాదు."

"అయిదయ్యాక ఆమెని తీసుకెళ్లడానికి ఒక కారు కావాలి. ఆ ఆఫీసు భవనానికి ఉత్తరం వైపు తలుపు దగ్గర."

"కారు ఉంటుంది" అంది పెక్. ఆవిడ అబద్ధం ఆడలేదు. ఆ సంగతి తర్వాత చూద్దాం.

* * *

బుధవారం మధ్యాహ్నం న్యూ హాంప్‌షైర్ రాజధాని కాంకర్డ్‌లో, నాణేలు వేసి బట్టలుతుక్కునే దుకాణంలో వెండెల్ ఒక చొక్కా పట్టుకుని కూర్చున్నాడు. పక్క బెంచీ మీద ఎర్ర కోటు కూర్చుంది.

"తెల్లవీ రంగువీ కలిపి వేస్తే ఏమవుతుందండీ?" అంది కోటు.

"అన్నీ గులాబీ రంగవుతాయి. మా అమ్మ కొట్టేది."

"రెండో ముక్క కోడ్‌లో లేదు."

"నిజంగానే కొట్టేది" అన్నాడు వెండెల్.

కొరీన్ నవ్వలేదు. మిషన్ల హోరులో నెమ్మదిగా చెప్పింది. "ఆఖరి గంటలో వెళ్తే సాయంత్రం వార్తల్లో లైవ్ వస్తుందని ఒప్పించాను. నాలుగున్నరకి ముందు కదలడు. ఆ గోర్డన్ వేల్‌కి ఇష్టం లేదు. ‘ఆఖరి గంట ఎందుకమ్మాయ్, గురువారమే వెళ్దాం’ అన్నాడు. సెనేటర్‌కి కెమెరాలంటే పిచ్చి కాబట్టి నా మాట నెగ్గింది. కానీ వేల్ ఆ రోజు నుంచీ నన్నే చూస్తున్నాడు."

గోర్డన్ వేల్ సెనేటర్ ప్రచారానికి మేనేజరు. అసలు పేరేమిటో అతని తల్లికే తెలియాలి. ఈ పేరు మాత్రం ఒహాయోలో మూడు నెలల వయసులో చనిపోయిన ఒక పసివాడి సమాధి రాయి మీది నుంచి తీసుకున్నది. ముఠా మొత్తానికి అతనే పెద్ద.

"లవెల్ ఉత్తరం ఎవరు రాశారు?" అని అడిగాడు వెండెల్.

"మా నాన్న ఉత్తరాలు రాసినవాడే." ఆమె చేతి గుడ్డ మడత పెట్టింది, విప్పింది, మళ్లీ పెట్టింది. "నాన్న అక్కడ జైల్లో ఉన్నాడు, నేను చెప్పినట్టు చేస్తే బతికి ఉంటాడు అన్నారు కదా. నెలనెలా ఉత్తరం వచ్చేది. పోయి నాలుగేళ్లయిన మనిషి నా పుట్టినరోజుకి శుభాకాంక్షలు రాశాడు వెండెల్. దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను నేను. ఆ చేతిరాత పట్టుకుని ఏడ్చాను."

వెండెల్ లేచి మిషన్‌లో ఇంకో నాణెం వేశాడు.

"ఇంకో సంగతి" అంది. "పని మధ్యలో ఆపేయాలంటే ఒక మాటుంది. ‘మీ అత్తగారి పియానో అమ్ముడుపోయింది.’ అది వింటే సెనేటర్ ఏం చేస్తున్నా అక్కడే వదిలేసి వెళ్లిపోవాలి. ‘పట్టుబడ్డాం’ అని అర్థం. ముప్పై ఏళ్లుగా తర్ఫీదు ఇచ్చారు. ఆ మాట ముగ్గురికే తెలుసు. అతనికి, వేల్‌కి, నాకు."

"ఇప్పుడు నాకు కూడా."

"అందుకే చెప్తున్నా. అది వాడావంటే నన్ను చంపినట్టే."

"వాడను."

"నాకు పతకాలు వద్దు. కొత్త పేరు కూడా మీ ఇష్టం, ఏదైనా పెట్టుకోండి. అయిదింటికి ఆ తలుపు దగ్గర ఇంజన్ ఆన్‌లో ఉన్న కారు ఒక్కటి చాలు."

"ఆకుపచ్చ స్టేషన్ వ్యాగన్. ముందు సీటు తలుపు తీసి కూర్చోవడమే. నాది పూచీ."

ఆమె లేచింది. అద్దం తలుపు దగ్గర ఆగి అంది: "మీ అమ్మ నిజంగానే కొట్టేదా?"

"తడి చొక్కాతో."

అప్పుడు నవ్వింది. వెండెల్‌కి ఆ నవ్వు నచ్చింది. ఈ ఉద్యోగంలో నచ్చకూడనివి చాలా ఉంటాయి, అందులో అదొకటి.

* * *

శుక్రవారం. డిసెంబరు మంచు. స్టేట్ హౌస్ అనే రాష్ట్ర ప్రభుత్వ భవనం రెండో అంతస్తులో, అభ్యర్థుల పేర్లు తీసుకునే గది మన ఊళ్లో పోస్టాఫీసు కంటే పెద్దదేం కాదు. గోడ గడియారం, ఒక పాత చెక్క బల్ల, బల్ల వెనక ఎన్నికల గుమాస్తా హ్యారియెట్ డర్గిన్. డెబ్బై నాలుగేళ్లు. ముందు కూర్చున్నది ప్రెసిడెంటా, పాలు పోసేవాడా అన్నది ఆవిడకి తేడా లేదు. ఇద్దరికీ ఒకే పెన్ను, ఒకే కుర్చీ, ఒకే "కూర్చో నాయనా".

వెండెల్ వారమంతా చేసిన పని ఒక్కటే. పాత జాబితాలు వెతికి, రాష్ట్రంలో ప్రతిసారీ నిలబడి ఓడిపోయే శాశ్వత అభ్యర్థులందరికీ ఫోన్ చేసి, "శుక్రవారం సాయంత్రం టీవీవాళ్లు వస్తున్నారట" అన్నాడు. అంతే. చీమలకి బెల్లం చూపించనక్కర్లేదు. నాలుగింటికల్లా పది మంది దిగారు. ప్రతి వాకిట్లో మంచు ఉచితంగా తీయిస్తానన్న బడి పంతులమ్మ. పాత కాలపు సైన్యాధిపతి వేషంలో ఉన్న ప్లంబరు. తేనెటీగలకి ఓటు హక్కు కావాలన్న పెద్దమనిషి. పదకొండోవాడు వెండెలే. పేరు ఎజ్రా ప్లమ్లీ, తల మీద దుప్పి కొమ్ముల టోపీ, ఛాతీ దాకా నెరిసిన గడ్డం. గడ్డంలో చిన్న మైకు, చెవిలో బఠాణీ అంత స్పీకరు. ఆ రెండింటికీ అవతల పెక్, వీధిలో నిలబెట్టిన బ్రెడ్డు వ్యాన్‌లో.

సాంకేతిక శాఖవాళ్లు ఇంకో వస్తువు ఇచ్చారు. బల్ల మీది పెన్ను లాంటిదే ఇంకో పెన్ను. మూడు అక్షరాలు రాశాక సిరా ఆగిపోతుంది. పొద్దున్నే వచ్చి అసలు పెన్ను తీసి దాన్ని పెట్టాడు వెండెల్. ఆ తర్వాత ఇద్దరు అభ్యర్థులు దాంతో కుస్తీ పడ్డారు. హ్యారియెట్ డర్గిన్ విసుక్కుని దాన్ని చెత్తబుట్టలో పడేసి, సొరుగులోంచి ఇంకోటి తీసింది. ఏడు నెలల పరిశోధన అలా ముగిసింది.

నాలుగూ ముప్పై ఒకటికి మెట్ల మీద చప్పట్లు మోగాయి. సెనేటర్ స్ట్రిక్లండ్ వచ్చాడు. వెండి జుట్టు, నీలం కోటు, తండ్రిలాంటి నవ్వు. వెనక గోర్డన్ వేల్, పక్కన ఎర్ర కోటు. కెమెరా దీపాలు ఒక్కసారిగా వెలిగాయి. అతను తిన్నగా బల్ల దగ్గరికి నడిచాడు.

"వరసలో నిలబడండి" అంది హ్యారియెట్, తల ఎత్తకుండా.

"అమ్మా, ఆయన సెనేటర్..." అని మొదలుపెట్టాడు వేల్.

"చదువుకున్నవాడే కదా, వరసంటే తెలుసు" అంది ఆవిడ.

గది నవ్వింది. సెనేటర్ ఇంకా పెద్దగా నవ్వి, వెళ్లి చివర నిలబడ్డాడు. వేల్ నవ్వలేదు. వరసని ఒక్కొక్క తలా లెక్కపెట్టాడు, గడియారం చూశాడు, తర్వాత కొరీన్ ముఖం చూశాడు. అప్పటికి ముందు ఎనిమిది మంది ఉన్నారు. మనిషికి ఆరేడు నిమిషాలు. వెండెల్ వాళ్లలో మూడోవాడు. లెక్క ఎటు చూసినా గెలుపే.

మొదటివాడు వెళ్లాక, బల్ల దగ్గర ప్లంబరు కత్తి దూసి దేశ రక్షణ గురించి మాట్లాడుతున్నాడు. చెవిలో పెక్ గొంతు వినిపించింది: "బాగుంది. వాడు అయిదు దాటాక కూడా నిలబడే ఉంటాడు."

నాలుగూ నలభైకి వరస చివర, సెనేటర్‌కి సరిగ్గా ముందున్న ముసలాయన వెనక్కి తిరిగాడు. పేరు ఓటిస్ బ్లేక్. ఆపిల్ తోటల రైతు. ఎనిమిదిసార్లు పోటీ చేసి మొత్తం కలిపి నూటపది ఓట్లు తెచ్చుకున్నాడు.

"అయ్యో, మీరు నా వెనక నిలబడ్డమేంటి సార్! రండి, ముందుకి రండి. నాకేం తొందర, ఆవులు ఇంటి దగ్గరే ఉన్నాయి."

"ఎంత మాట పెద్దాయనా! మీ తర్వాతే" అన్నాడు సెనేటర్, కెమెరాలకి వినపడేట్టు.

"మీరు దూరం నుంచొచ్చారు. మంచు పడుతోంది. రండి రండి."

వెండెల్ గడియారం చూశాడు. ఇక్కడే పుట్టి పెరిగి ఈ సంగతి ఎలా మర్చిపోయాడు? ఈ ఊళ్లో జనం నాలుగు రోడ్ల కూడలిలో కారు ఆపి, "ముందు మీరు", "కాదు, ముందు మీరే" అని చీకటి పడేదాకా చేతులూపుతారు. ప్రెసిడెంటు అయిపోదామని వచ్చినవాడు కూడా వెనకున్నవాడికి తలుపు పట్టుకుని నిలబడతాడు. ఓటిస్ పక్కకి జరిగాక తేనెటీగల ఆయనకి సిగ్గేసింది, జరిగాడు. పంతులమ్మ జరిగింది. వరస మొత్తం మర్యాదలో కొట్టుకుపోయింది. నాలుగూ నలభై ఆరుకి సెనేటర్ స్ట్రిక్లండ్ వెండెల్ వీపు వెనక నిలబడి ఉన్నాడు, ఖరీదైన సబ్బు వాసనతో సహా.

"మీరు కూడా...?" అన్నాడు చిరునవ్వుతో.

"నేను జరగను" అన్నాడు ఎజ్రా ప్లమ్లీ. "పొద్దుట్నించీ నిలబడ్డాను. కాళ్లు నావి."

"అదీ నిజమే" అంది పంతులమ్మ. ఆ ఊళ్లో దానికి కూడా గౌరవం ఉంది.

ప్లంబరు లేచాడు. "కూర్చో నాయనా" అంది హ్యారియెట్. వెండెల్ కూర్చున్నాడు. ఒక్కొక్క అక్షరం కొలత పెట్టినట్టు రాశాడు. చెక్కు కోసం నాలుగు జేబులు వెతికాడు. తర్వాత లేచి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. దుప్పుల గురించి, మాపుల్ చెట్ల గురించి, కాగితపు మిల్లు మూసేసిన రోజు గురించి మాట్లాడాడు. ఆ చివరిది మాత్రం నిజం. మాట్లాడుతూ మాట్లాడుతూ, నినాదం ఏదో కావాలి కాబట్టి నోటికొచ్చింది అనేశాడు:

"ఎజ్రా ప్లమ్లీ మాటంటే మాటే! నాతో వచ్చినవాళ్లని ఒక్కర్ని కూడా వెనక వదిలిపెట్టను!"

ఓటిస్ చప్పట్లు కొట్టాడు. గోడ పక్కన నిలబడ్డ కొరీన్ తల దించుకుంది, కానీ పెదవి చివర నవ్వు కనిపించింది. ఆ మాట తనకేనని ఆమె అనుకుంది. వెండెల్ కూడా అప్పటికి అలాగే అనుకున్నాడు.

ఆ నవ్వుని ఇంకో మనిషి కూడా చూశాడు. గోర్డన్ వేల్ నెమ్మదిగా వచ్చి వెండెల్ పక్కన నిలబడి, స్నేహంగా భుజం మీద చెయ్యి వేశాడు. వేళ్లు మెడ దగ్గర వైరుని తడిమాయి. గడ్డానికి దగ్గరగా వంగి గుసగుసగా అన్నాడు: "చాలు. ముగించు. లేకపోతే ఆమెని ఇక్కడే, అందరి ముందే అడుగుతాను, నువ్వెవడివని."

"నాయనా, ఇంక సర్దుకో" అంది హ్యారియెట్ కూడా. "ఈయన్ని కూర్చోనీ."

నాలుగూ యాభై ఏడు. సెనేటర్ కూర్చున్నాడు. హ్యారియెట్ అందించిన పెన్ను పక్కకి జరిపి, లోపలి జేబులోంచి తన బంగారు పెన్ను తీశాడు. కెమెరాలకి అది బాగుంటుంది. పుట్టిన తేదీ రాశాడు. చిరునామా రాశాడు. చెక్కు బల్ల మీద పెట్టాడు. తల ఎత్తి దేశానికి ఒకసారి నవ్వాడు.

"వెండెల్" అంది చెవిలో పెక్. "ఆపు."

అతను కదల్లేదు.

"నీకు తెలిసిన మాట ఒకటుంది. బుధవారం నీ రిపోర్టులో రాశావు. అను."

నాలుగూ యాభై ఎనిమిది. బంగారు పెన్ను సంతకం గీత మీద ఆనింది. మెరిల్. ఎం నుంచి చివరి ఎల్ దాకా, తీరుబడిగా.

వెండెల్ కొరీన్ వంక చూశాడు. ఆమె కూడా చూసింది. ఆమెకి అర్థమైంది. వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపింది, చాలా కొంచెం, చలికి వణికినంత. మూర్ఛ వచ్చినట్టు పడిపోవచ్చు, బల్ల తన్నేయొచ్చు. ఏం చేసినా రెండు క్షణాల్లో లేవదీస్తారు, సంతకం పూర్తవుతుంది. ఒక్క మనిషి ఒక వైపు, దేశం ఇంకో వైపు. ఇలాంటి తూకం పుస్తకాల్లో చదవడానికి చాలా బాగుంటుంది.

"సెనేటర్ సార్" అన్నాడు ఎజ్రా ప్లమ్లీ, దుప్పి కొమ్ములు సవరించుకుంటూ. "చెప్పడం మర్చిపోయా. మీ అత్తగారి పియానో అమ్ముడుపోయింది."

గది గొల్లుమంది. పిచ్చోడి మాటకి నవ్వకపోతే బాగుండదు కదా. ముగ్గురు మాత్రం నవ్వలేదు. కొరీన్ కళ్లు మూసుకుంది. సెనేటర్ ముఖంలో రక్తం మెల్లగా, పై నుంచి కిందికి దిగిపోయింది. స్ట్రిక్లండ్‌లో మొదటి మూడు అక్షరాల దగ్గర పెన్ను ఆగింది. ముప్పై ఏళ్ల తర్ఫీదు అది. చెయ్యి తనంతట తానే పెన్నుకి మూత పెట్టింది.

"రాయండి!" అన్నాడు వేల్, పళ్ల మధ్య నుంచి. "అది వీడు... రాయండి సార్!"

పెట్టిన భయం అంత తేలిగ్గా పోదు. సెనేటర్ లేచి నిలబడ్డాడు. "క్షమించండి" అన్నాడు కెమెరాలతో. "ఇంట్లో... ఇంట్లోవాళ్లతో ఇంకోసారి మాట్లాడాలి."

గడియారం అయిదు కొట్టింది. హ్యారియెట్ డర్గిన్ సగం సంతకం ఉన్న కాగితాన్ని ముందుకి లాక్కుని, కళ్లద్దాల పై నుంచి చూసి, చెక్కుతో సహా వెనక్కి ఇచ్చింది. "ఇది ఇల్లు కాదు నాయనా, తీరిగ్గా మాట్లాడుకోవడానికి. మూసేశాం" అంది.

* * *

విలేకరులు సెనేటర్ మీద పడ్డారు. అతను అందనివాళ్లు ఎజ్రా ప్లమ్లీ మీద పడ్డారు. "ఏ పియానో?", "మీకు ఆయన తెలుసా?", "కొమ్ములు నిజమైనవేనా?" దీపాల మధ్య ఇరుక్కుని, వెండెల్ గడ్డంలోకి అన్నాడు: "ఉత్తరం వైపు తలుపు. ఆమె వస్తోంది. ఎక్కించుకోండి."

"కారు అక్కడే ఉంది" అంది పెక్.

అతను మనుషుల్ని తోసుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లాడు. కింద మంచులో ఆకుపచ్చ వ్యాగన్ ఉంది, ఇంజన్ నడుస్తోంది, పొగ గొట్టం నుంచి తెల్లటి ఆవిరి. ఎర్ర కోటు మెట్లు దిగి పరిగెత్తింది. ముందు తలుపు పట్టుకుని లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. అద్దం మీద అరచేత్తో కొట్టింది. డ్రైవరు ఎదురుగా రోడ్డు వంకే చూస్తూ కూర్చున్నాడు, రైలు గేటు దగ్గర ఆగినవాడిలాగా.

"తలుపు తీయమను! మేడమ్! తలుపు!"

"వేల్ ఆమెని ముఠా ఉండే చోటికి తీసుకెళ్తాడు. రెండేళ్లుగా ఆ ఇల్లు ఎక్కడో మనకి తెలీదు. ఆమెకి కూడా తెలీదు. మన వ్యాగన్ వెనకే వెళ్తుంది."

"నేను మాటిచ్చాను."

"నేను కారు ఇస్తానన్నాను. ఇచ్చాను."

గోర్డన్ వేల్ తొందరపడలేదు. వెనక నుంచి వచ్చి, విందుకి తీసుకెళ్తున్నంత మర్యాదగా ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఒక్కసారి తల ఎత్తి పైకి చూసింది. రెండో అంతస్తు కిటికీలో, టీవీ దీపాల వెలుగులో, దుప్పి కొమ్ముల టోపీతో ఒక మనిషి అద్దం మీద గుద్దుతున్నాడు. కింద నుంచి చూస్తే చెయ్యి ఊపుతున్నట్టు ఉండి ఉంటుంది.

వ్యాగన్ వాళ్ల కారు వెనకే బయల్దేరింది. సరస్సు ఒడ్డున వేసవిలో తప్ప ఎవరూ ఉండని ఒక ఇల్లు. చుట్టుముట్టడానికి మనుషులు చేరేసరికి గంటా పది నిమిషాలు పట్టింది. తొమ్మిది మంది దొరికారు, వేల్‌తో సహా. రేడియోలు, కోడ్ పుస్తకాలు, నలుగురు మనుషుల చేతిరాతలు సాధన చేసిన నోటు పుస్తకాలు దొరికాయి. లవెల్ ఫిల్మ్ కూడా. నేలమాళిగలో కొరీన్ ఆషర్ దొరికింది. పక్కన ఒక ఉత్తరం ఉంది, చేతిరాత అచ్చం ఆమెదే. సిరా ఇంకా పూర్తిగా ఆరలేదు. "ప్రియమైన నాన్నా" అని మొదలైంది. వేల్‌కి ఆ పాటి హాస్యం ఉంది మరి.

సోమవారం వెండెల్ పళ్ల డాక్టర్ల కుర్చీల కంపెనీకి వెళ్లి, గడ్డం, టోపీ బల్ల మీద పడేశాడు.

"మీరు చంపారు ఆమెని" అన్నాడు.

పెక్ ఫైలు మీది నుంచి చూపు తిప్పలేదు. "ఆ మాట నోటి నుంచి వచ్చాక ఆమె ఎలాగూ బతకదని నీకు తెలుసు. కోసింది నువ్వు వెండెల్. నేను వండానంతే. కూర్చో, టీ తాగు."

అతను కూర్చోలేదు. కానీ రాజీనామా కూడా చేయలేదు. సెనేటర్ స్ట్రిక్లండ్ ఆరోగ్యం బాగాలేదని పదవి వదులుకుని, ఎవరికీ చెప్పని చోటికి వెళ్లిపోయాడు. అతను ఎందుకు పోటీ చేయలేదన్న దాని మీద పేపర్లు ఇంకో రెండు నెలలు ఊహాగానాలు రాశాయి. ఒక్కటి కూడా నిజానికి దగ్గర్లోకి రాలేదు.

ఒక చిన్న ఇబ్బంది మిగిలింది. గడువు దాటాక పేరు వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. అలా ఫిబ్రవరిలో బ్యాలెట్ కాగితం మీద, ఏడుపు మొహాల ఏడుగురి కింద, ప్లంబరుకీ పంతులమ్మకీ మధ్య ఎజ్రా ప్లమ్లీ పేరు అచ్చయింది. వెనక ఎవర్నీ వదిలిపెట్టనన్న అతని మాట నమ్మి రాష్ట్రం మొత్తం మీద అరవై రెండు మంది ఓటేశారు. నమ్మిన అరవై మూడో మనిషి ఓటు వేయడానికి రాలేకపోయింది.